దోమ అంటే చాలదు, ఏ దోమో చెప్పాలి

పిల్లలూ! దోమ ఏ క్రమానికి చెందుతుందని పరీక్షలో అడిగితే డిప్టెరా అని రాసి మార్కు తెచ్చుకుంటారు. ఆ మాటకు రెండు రెక్కలవి అని అర్థం. ఇంట్లో వాలే ఈగకు ఉన్నట్టే దోమకూ రెక్కలు రెండే. రెండో జత ఉండవలసిన చోట గుండుసూది తలల్లాంటి హాల్టియర్లు ఉంటాయి. ఎగిరేటప్పుడు ఒరిగిపోకుండా కాపాడేవి అవే. కనుక దోమ కూడా ఈగల వర్గంలోదే. ఇంతవరకు మనం బాగానే చెబుతున్నాం. ఆ తరువాత వచ్చే ప్రజాతి, జాతి అన్న మెట్లనే కంఠస్థం చేయించి వదిలేస్తున్నాం. మన ఊళ్ల ఆరోగ్యం ఆ చివరి రెండు మెట్ల మీదే ఆధారపడి ఉందని నా అభిప్రాయం.

క్యూలెక్స్ అనే ప్రజాతినే చూడండి. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరు ఇది. ఇందులో 700కు పైగా జాతులున్నాయి. క్యూలెక్స్ దోమ గోడ మీద వాలినప్పుడు దాని ఒళ్లు గోడకు సమాంతరంగా ఉంటుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ అయితే గోడకు ముల్లు గుచ్చినట్టు తల వంచి, వెనుక భాగం పైకెత్తి కూర్చుంటుంది. భూతద్దంతో చూస్తే ఆడ అనాఫిలిస్ తొండానికి రెండు పక్కలా ఇంచుమించు తొండమంత పొడవున్న పాల్పులు కనబడతాయి. ఆడ క్యూలెక్స్‌కు అవి చాలా పొట్టి. క్యూలెక్స్ తన గుడ్లను ఒకదానికొకటి అతికించి, చిన్న తెప్పలా నీటిపై వదులుతుంది. లార్వా తలకిందులుగా వేలాడుతూ, తోక దగ్గరి సైఫన్ గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీలుస్తుంది. అనాఫిలిస్ లార్వాకు ఆ గొట్టమే లేదు. అది నీటి మీద బల్లపరుపుగా పడుకుని ఉంటుంది.

సరే, క్యూలెక్స్ అని తేలింది. అంతటితో పని అయిపోయిందా? లేదు. మన ప్రాంతంలో ఈ ప్రజాతి నుంచి ముఖ్యంగా ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు. పెద్దది క్యూలెక్స్ క్వింక్విఫాసియేటస్. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు దీని పుట్టిల్లు. రాత్రిపూట మనుషులను కుడుతుంది. బోదకాలు క్రిమి పిల్లలు కూడా రోగి రక్తంలోకి రాత్రివేళే ఎక్కువగా వస్తాయి కాబట్టి ఇద్దరికీ చక్కగా కుదిరింది. ఆ రక్తపరీక్ష రాత్రిపూట చేసేది అందుకే.

రెండోది క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్. నోరు తిరగని పేరే గాని ఇది వరిచేల దోమ. సార్వా, దాళ్వా ఊడ్పులయ్యాక మడిలో నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. దీనికి మనిషికన్నా పశువులంటే ఇష్టం, ఎక్కువగా ఆరుబయటే ఉంటుంది. జపనీస్ మెదడువాపు వైరస్‌ను ప్రధానంగా మోసేది ఇదే. ఆ వైరస్ పందుల్లోనూ, కొల్లేరులో మనం చూసే కొంగల వంటి నీటిపక్షుల్లోనూ పెరుగుతుంది. (శాస్త్రజ్ఞులు ఈ దోమను చేర్చిన ఉపవర్గం పేరు విష్ణుయి! అందులో ఒక జాతికి విష్ణువు పేరు పెట్టారు మరి.) దీన్ని గుర్తుపట్టడానికి తొండం చూడండి. మధ్యలో లేత రంగు పట్టీ చుట్టూ తిరిగి ఉంటుంది, కాళ్ల గణుపుల దగ్గర కూడా సన్నని పట్టీలుంటాయి. మురుగు దోమ తొండానికి అలాంటి పట్టీ ఉండదు, కాళ్లు ముదురు రంగులో ఉంటాయి.

ఇంత చిన్న తేడాతో ఏం పని అంటారేమో! రొనాల్డ్ రాస్‌ను తలుచుకోండి. 1895లో సికింద్రాబాదులో మలేరియా పరిశోధన మొదలుపెట్టిన ఆయన, సుమారు రెండేళ్లపాటు బూడిదరంగు దోమలను, చారల దోమలను కోసి చూస్తూ గడిపాడు. అవి క్యూలెక్స్, ఈడిస్ దోమలు. మనిషికి వచ్చే మలేరియా వాటిలో ఎలా దొరుకుతుంది? మచ్చల రెక్కల అనాఫిలిస్ చేతికి వచ్చాకే, 1897 ఆగస్టు 20న, దాని పొట్టలో ఆ క్రిమి కనిపించింది. చిత్రమేమంటే మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియాను నిరూపించడానికి ఆ బూడిదరంగు క్యూలెక్సే పనికివచ్చింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రాస్ కాలంలో దోమల వర్గీకరణ ఇంకా సరిగా తేలలేదు. మనకా సాకు లేదు. అయినా దోమలు పెరిగాయనగానే వీధిలో పొగబండి తిప్పి ఊరుకుంటున్నాం. ఆ పొగ అప్పుడు ఎగురుతున్న దోమలకు తగిలితే తగులుతుంది, నీళ్లలోని లార్వాను ఏమీ చేయదు. మురుగు దోమకు మందు డ్రైను పారించడం, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి వలగుడ్డ కట్టడం. వరిచేల దోమకు ఇవేవీ పనిచేయవు. చేనుకు మధ్యమధ్య ఆరుతడి పెట్టడం, పందులను ఇళ్లకు దూరంగా ఉంచడం, పిల్లలకు టీకా వేయించడం దాని విషయంలో పనికివస్తాయి. ఏ దోమో తెలియకుండా ఏ మందు అని ఎలా నిర్ణయిస్తాం?

అందుకే వర్గీకరణ పాఠాన్ని ప్రతి హైస్కూలూ డ్రైను గట్టు మీద, వరిమడి గట్టు మీద చెప్పాలంటాను. తెల్లని పళ్లెం, గరిటె, భూతద్దం చాలు. మాస్టారి వెంట వెళ్లి రెండు చోట్లా లార్వాలను ముంచి తెచ్చి, వేరువేరు సీసాల్లో పోయండి. చోటు, తేదీ చీటీ మీద రాసి అంటించండి. కొద్ది రోజుల్లో ప్యూపాలై దోమలు బయటికి వస్తాయి. తొండాలు చూసి, లెక్క రాసి, ఆ కాగితాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చి రండి. సీసా మూతికి కట్టిన పలుచని గుడ్డ ముడి మాత్రం గట్టిగా వేయండి, లేకపోతే మీ తరగతి గదిలోనే పొగబండి తిప్పవలసి వస్తుంది!