వజీఫా, చిరుద్యోగం, పై చదువు

పూర్వం మన తెలుగు నేలపై పేద విద్యార్థులు వారాలు చేసుకొని చదువుకొనేవారు. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట భోజనం. మిగిలిన వేళ గురువుగారి అరుగు మీద చదువు. మదరసాలలో చదివే పిల్లలకు మొహల్లాలోని ఇళ్ల నుండి రొట్టె వెళ్లే ఆచారమూ అటువంటిదే. వారాల అన్నం కులం చూచి పెట్టిన అన్నమే, అందరికీ అందినది కాదు. ఆ సంగతి మరువరాదు. అయినను చదివేవాని ఆకలి ఊరి బాధ్యత అని ఆ ఆచారాలు ఒప్పుకొన్నవి. వారం పెట్టే ఇల్లాలు గుమ్మంలో నిలిచిన పిల్లవానితో “నీ భోజనం మంజూరైనది, ఆరు నెలలు ఆగి రమ్ము” అని ఎన్నడూ అనలేదు. నేటి విద్యార్థి వింటున్న మాట అదే.

బి.ఏ. వరకు మన లాల్‌దర్వాజా, శాలిబండ, గౌలిపురా, అలియాబాద్ పిల్లలు ఏదో ఒక విధంగా వస్తున్నారు. జారిపోవడం ఆ తరువాతనే. పేరెన్నికగన్న కళాశాలలలో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒకరు, పోస్టు గ్రాడ్యుయేట్ చదివే ప్రతి 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ తన నివేదికలో వ్రాసినది. ఈ రెండు అంకెల నడుమ సగం మంది ఏమైనారు? వారిలో కొందరిని మేము ఎరుగుదుము. ఒకరు పత్తర్‌గట్టీలో ముత్యాలు గుచ్చుతున్నారు, ఒకరు రాత్రి పన్నెండు వరకు మోటారు సైకిలు మీద ఇంటింటికి బిర్యానీ పొట్లాలు చేరవేస్తున్నారు. తెలివి చాలక కాదు. ఇంటి అద్దె చాలక.

ప్రభుత్వ సహాయం లేదని మేము అనడం లేదు. ఉన్నది, అయితే అది ఉన్న చోట్లు విచిత్రం. 2009లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ మొదలైనప్పుడు పరిశోధన చేయదలచిన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ఒక దారి కనిపించినది. 2014–15 నుండి 2021–22 వరకు 6,722 మంది దానికి ఎంపికైనారు. 2022 డిసెంబరులో లోక్‌సభలో ఆ పథకం 2022–23 నుండి ఉండదని ప్రకటించినారు. ఇతర ఫెలోషిప్పులు ఉన్నవి గదా, ఒకే పనికి రెండెందుకు అన్నది చెప్పిన కారణం. ఆ ఇతర ఫెలోషిప్పులలో ముఖ్యమైనది నెట్ పరీక్ష ద్వారా వచ్చే జె.ఆర్.ఎఫ్. 2023 జనవరి నుండి అది నెలకు 37,000 రూపాయలు. మంచి మొత్తమే. కాని దానికి ఎంపిక కాని వాని సంగతి? అతడు గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనో, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనో పిహెచ్.డి. చేస్తే అవి కేంద్ర సంస్థలు కనుక నెట్ లేకున్నను 8,000 రూపాయల చిన్న ఫెలోషిప్ కలదు. 2015లో దానిని కూడ తీసివేయబోగా ఢిల్లీలో విద్యార్థులు యు.జి.సి. కార్యాలయం ముందు బైఠాయించి నిలబెట్టుకొన్నారు. అదే విద్యార్థి ఉస్మానియాలో చేరితే ఆ పథకం అతనికి వర్తించదు. ఒకే నగరం, ఒకే పట్టా. వజీఫా మాత్రం మూసీకి ఏ దిక్కున ఎంత దూరం పోతివన్న దానిని బట్టి!

విదేశాలకు పోయేవారి మాట వేరు. 1895లో సరోజినీదేవి నిజాం ప్రభుత్వ వజీఫాతోనే ఇంగ్లండు వెళ్లి చదివినది. 2015లో మన రాష్ట్రం అల్పసంఖ్యాక విద్యార్థులకై మొదలుపెట్టిన పథకం క్రింద పై చదువుకు విదేశం వెళ్లేవారికి 20 లక్షల వరకు ఇస్తున్నారు. సంతోషమే. చికాగో పోయే బిడ్డకు 20 లక్షలు, తార్నాక పోయే బిడ్డకు బస్సు పాసు అన్నట్లున్నది వ్యవహారం. (ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సులలో ఆ పాసు ఖర్చు కూడ తప్పినది. మా తరగతిలో అమ్మాయిల హాజరుకు ఇది ఎంత మేలు చేసినదో మేము కళ్లారా చూస్తున్నాము.)

మొత్తం కంటె ముఖ్యమైనది వేళ. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి పడితే కళాశాల ధ్రువపత్రాలు ఇవ్వదు. ధ్రువపత్రాలు లేనిది పై తరగతిలో సీటు లేదు. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకొన్న రోహిత్ వేముల తన చివరి లేఖలో ఏడు నెలల ఫెలోషిప్, ఒక లక్ష డెబ్బది ఐదు వేలు తనకు రావలసి ఉన్నదని వ్రాసినాడు. ఆలస్యంగా వచ్చే వజీఫా వజీఫా కాదు. అది పేద విద్యార్థి సర్కారుకు ఇచ్చిన అప్పు. వడ్డీ లేని అప్పు. బ్యాంకు ఋణం తీసుకొనవచ్చును గదా అని కొందరు పెద్దలు సెలవిస్తారు. వడ్డీ మాట వినగానే లేచి పోయే తండ్రులు మన మొహల్లాలలో ఎందరో వారికి తెలియనిదా?

ఇక మిగిలినది చిరుద్యోగం. దీనిని గురించి మాకు స్వానుభవం కలదు. ఎం.ఏ. చదివే రోజులలో మేము ఉదయం ఇద్దరు పిల్లలకు ట్యూషను చెప్పి, సాయంత్రం ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దేవారము. ప్రూఫుల పని మాకు మేలే చేసినది. ఛందస్సు తరగతి గదిలో కంటె అక్కడనే ఎక్కువ ఒంటబట్టినది. కాని ఒక ట్యూషన్ల యజమాని పరీక్షల నెలలో మా చేత రోజుకు ఆరు గంటలు పాఠాలు చెప్పించి, మూడు నెలల జీతం నేటికీ ఇవ్వలేదు. ఆ సంవత్సరం ఒక పేపరు పోయినది. పని చెడగొట్టలేదు మా చదువును. హద్దు లేని పని, వ్రాతలో లేని జీతం చెడగొట్టినవి.

అమెరికాలో చదివే మన పిల్లలకు తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని లేదు, అదీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే. 2022లో యు.జి.సి. విడుదల చేసిన ముసాయిదా కూడ చదువుతూ సంపాదించే పేద విద్యార్థులకు అదే 20 గంటల హద్దు సూచించినది. మహారాష్ట్రలో భావురావు పాటిల్ 1919లో స్థాపించిన రయత్ శిక్షణ్ సంస్థ మొదటి నుండి ఈ దారిలోనే నడచినది. అక్కడ విద్యార్థి తోటపని చేసి తన భోజనం తాను సంపాదించుకొనేవాడు. మనకు మాత్రం నామోషీ! చికాగోలో కొడుకు క్యాంటీను పళ్లెములు కడిగితే ఫోటో చూపి మురిసే తండ్రి, వాడే ఇక్కడ ఎం.ఏ. చదువుతూ చార్మినారు వద్ద దుకాణంలో కూర్చుంటే ముఖం త్రిప్పుకొంటాడు.

2022 నిబంధనలతో పిహెచ్.డి.ని పార్ట్ టైముగా చేయవచ్చునన్నారు. అయితే యజమాని నుండి నిరభ్యంతర పత్రం తేవలె. ట్యూషన్లు చెప్పుకొనేవానికి, మగ్గం పని చేసుకొనే అమ్మాయికి ఆ పత్రం వ్రాసి ఇచ్చే యజమాని ఎవరు?

కనుక మా విన్నపం కళాశాల కమిటీ పెద్దలకే. మన పోస్టు గ్రాడ్యుయేట్ విద్యార్థులకు పని మనమే ఇయ్యవచ్చును. ఉర్దూ నుండి తెలుగుకు, తెలుగు నుండి ఉర్దూకు దరఖాస్తులు, నోటీసులు తర్జుమా చేయించుకొనడానికి బజారులో ఎంతమంది తిరుగుతున్నారో లెక్క లేదు. రెండు భాషలూ చక్కగా వచ్చిన పిల్లలు మన దగ్గర ఉన్నారు. డిగ్రీ మొదటి సంవత్సరంలో వెనుకబడిన వారికి సాయంత్రం పాఠాలు ఎం.ఏ. విద్యార్థులే చెప్పగలరు. గంటకు ఇంత అని వ్రాసి, నెల మొదటి వారంలోనే ఇయ్యవలె. వజీఫా ఆలస్యమైన వారికి పూర్వ విద్యార్థుల చందాతో ఒక కర్జె హసనా నిధి ఉంచి, వజీఫా వచ్చినాక తిరిగి కట్టించుకొనవచ్చును. ఇవి ఏవీ పెద్ద ఖర్చులు కావు.

ముందుగా గ్రంథాలయంతో మొదలుపెట్టుదము. అది సాయంత్రం నాలుగింటికే మూతపడుతున్నది. పని చేసుకొని వచ్చే విద్యార్థి అయిదింటికి వస్తాడు. ఎనిమిది వరకు తెరచి ఉంచడానికి ఇద్దరు విద్యార్థులు, వారికి రోజుకు మూడేసి గంటల జీతం చాలును. పేర్లు ఇయ్యడానికి మా తరగతి నుండి నలుగురు సిద్ధంగా ఉన్నారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండవలెనన్నది మాత్రం కమిటీవారు తేల్చవలసి ఉన్నది.