అశ్వత్థామ పాలు, మన పిల్లల బడి

అశ్వత్థామ పాల కథ మన సోదరీమణులలో పెక్కుమంది యెఱిగినదే. ద్రోణుని యింట పాడి లేదు. కలిగినవారి బిడ్డలు పాలు త్రాగుట చూచి ఆ బాలుడు పాలకై యేడ్చెను. తోడిపిల్లలు పిండిని నీట కలిపి యిచ్చిరి. అది త్రాగి, పాలు త్రాగితినని గంతులు వైచెను. చుట్టునున్నవారు నవ్విరి. సంస్కృత భారతపు ఆదిపర్వమున ఈ ఘట్టము చదివినప్పుడెల్ల మాకు ఆ బాలుని ఆకలికంటె ఆ నవ్వే యెక్కువ బాధ కలిగించును. దానిని సహింపలేకయే గదా ద్రోణుడు చిన్ననాటి సహపాఠియగు ద్రుపదుని యొద్దకు పోయినది! రాజునకును పేదకును చెలిమి యేమని ద్రుపదుడు త్రోసిపుచ్చెను. గిన్నెడు పాలకాడ మొదలైన పగ కురుక్షేత్రముదాక నడచినది.

కుచేలుని కథ యిందుకు వేఱు. సాందీపని యొద్ద కలసి చదివిన చెలికాండ్రే వారును. అటుకుల మూటను సిగ్గుపడి దాచుకొన్నవాడు లేనివాడు. ఆ సిగ్గును పోగొట్టినవాడు కలిగినవాడు. ఈ పని యెవరివంతో మన పురాణము చక్కగా నెఱిగియున్నది.

మా త్రిపురాంతకమునకు చేరువనున్న మార్కాపురము పలకలకు పేరుపడినది. ఒకప్పుడు దేశమున ఎన్నియో బడులలో పిల్లలు ఆ రాతిపైననే అక్షరములు దిద్దిరి. రాయి ఒక్కటియే గాని, పూసల చట్టమున్న పలక యెవరిదో, విఱిగిన ముక్కపై వ్రాయునదెవరో అప్పటి పిల్లలకును తెలియును. 2020 నుండి మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో ఏకరూప వస్త్రములు, బూట్లు, సంచి, పుస్తకములు ఉచితముగా ఇచ్చుచున్నారు. 2024లో పథకము పేరు మాఱినను ఈవి సాగుచున్నది. మంచి పనియే. అయినను పిల్లల కన్ను నీళ్లసీసాపైకి, సైకిలుపైకి, తండ్రి చేతిలోని ఫోనుపైకి పోవుచున్నది.

మా వీధిలో నాలుగేండ్లు ఒకే బల్లపై గూర్చున్న బాలికలలో నొకతెను ఈ యేడు పట్నపు ప్రైవేటు బడికి మార్చిరి. ప్రొద్దుననే బస్సు వచ్చి గొనిపోవును. ఆదివారమునాడు గుడి కొండ మెట్లపై ఇద్దఱును ఎదురుపడి, పలుకరించుకొనక చెఱియొక ప్రక్కగా దిగిరి. ఊరిబడి పిల్ల, 'దానికిప్పుడు ఇంగ్లీషు వచ్చును, నాతో నేమి మాటాడును?' అని మాతో ననెను. వింత యేమనగా, బస్సెక్కు పిల్లయు సుఖముగా లేదు. ఇచ్చట తరగతిలో మొదటిదిగా నున్న ఆమె అచ్చట ఇరువదియవది యైనది. నేర్చినది తగ్గలేదు, ప్రక్కవారు మాఱిరి.

ఇది మా యూహ మాత్రము గాదు. తగిన కొలబద్ద లేనిచోట మనుష్యుడు తోడివారినిబట్టి తన్ను కొలుచుకొనునని 1954లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు లియాన్ ఫెస్టింజర్ చెప్పెను. ఆస్ట్రేలియాలో హెర్బర్ట్ మార్ష్, జాన్ పార్కర్ 1984లో ఆఱవతరగతి పిల్లలను పరిశీలించి, సమానమైన తెలివిగల పిల్లలలో, గొప్ప బడిలోనివారు తమ్ము తక్కువగా నెంచుకొందురని కనుగొనిరి. చిన్న చెఱువులోని పెద్ద చేప పోలికను వారు వాడిరి. పెద్ద బడియే మేలని అప్పుచేసి జీతము కట్టు తలిదండ్రులు ఈ మాట కొంచెము ఆలోచింపవలెను. బడి మార్చరాదని మేమనుటలేదు. మార్చిన మొదటి యేడు ర్యాంకు అడుగరాదనుచున్నాము.

పదవ తరగతి ర్యాంకులను పాఠశాలలు ప్రకటనలలో వేసికొనరాదని 2022లో రాష్ట్ర ప్రభుత్వము ఉత్తరువిచ్చెను. గోడమీది ర్యాంకును చెఱపవచ్చును గాని వంటయింటిలోని ర్యాంకు నెవరు చెఱపుదురు? 'మీ అక్కను చూడు,' 'ఎదురింటి దానిని చూడు' అను మాటలు అన్నము వడ్డించుచుండగనే దొర్లుచున్నవి. అట్లు చూపబడిన పిల్లపై మన బిడ్డకు ఈర్ష్య పుట్టుట సహజము. ఆ పిల్ల మాత్రము చేసిన దోషమేమి?

మావారు మార్కులను తరగతిలో బిగ్గరగా చదువరు. కాగితము మడచి యెవరిది వారి చేతికిచ్చెదరు. దానివలన కొంత ప్రొద్దు పోవును. తోటి ఉపాధ్యాయులు నవ్వుదురు కూడ. అయినను ఆయన ఆ పద్ధతి మానలేదు.

త్వరలో మొదటి పరీక్షల కాగితములు ఇండ్లకు వచ్చును. ఎదురింటి పిల్లకెన్ని వచ్చినవని యడుగుటకు ముందు, తప్పిన లెక్క యేదో చూపుమని మీ బిడ్డ నడిగి చూడుడు. ఏమి చెప్పినదో మాకు వ్రాయుడు.