బండి ఆగినా దేహం ఆగదు

మేడ మీది పిట్టగోడపై పసిబిడ్డను కూర్చోబెట్టి నిశ్చింతగా కబుర్లు చెప్పుకునే తల్లిదండ్రులు ఎక్కడా ఉండరు. బిడ్డ గోడ దగ్గరకు వెళితేనే కేక వేస్తాము. గాలిపటాల రోజుల్లోనైతే మేడ తలుపుకు తాళమే వేస్తాము. ఎత్తు నుంచి పడితే ఏమవుతుందో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. వేగం విషయంలో మాత్రం అటువంటి భయం మనలో లేదు. అదే బిడ్డను మోటారుసైకిలు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో బజారు దాటిపోతాము. ముఖానికి గాలి తగిలి బిడ్డ నవ్వుతుంటే మనమూ సంతోషిస్తాము.

ఎత్తుకూ వేగానికీ మధ్య ఉన్న లెక్క తెలిస్తే ఈ నిశ్చింత నిలవదు. భూమి ఆకర్షణ వల్ల కిందికి పడే వస్తువు గడిచే ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున అదనపు వేగాన్ని పొందుతుంది. ఆ లెక్కన 5 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మామూలు డాబా పిట్టగోడకు కొంచెం పై నుంచి పడినది నేలను తాకేటప్పటికి దాని వేగం గంటకు సుమారు 36 కిలోమీటర్లు. 54 కిలోమీటర్ల వేగానికి సరిపోయే ఎత్తు పదకొండున్నర మీటర్లు, మూడంతస్తుల మేడ. 72 కిలోమీటర్లకు 20 మీటర్లు, ఆరంతస్తుల మేడ. వేగం రెట్టింపయితే ఎత్తు నాలుగు రెట్లయిందని గమనించండి. బండి మీద నుంచి జారి రోడ్డు వెంట దొర్లినవాడి వేగం క్రమంగా తగ్గుతుంది గనుక అతనికి ఈ పోలిక పూర్తిగా వర్తించదు. ఎదురుగా లారీయో కల్వర్టు గోడో కరెంటు స్తంభమో ఉంటే మాత్రం అక్షరాలా వర్తిస్తుంది.

కదులుతున్న వస్తువు దానంతట అది ఆగదు. ఏదో ఒక బలం దానిని ఆపాలి. 1687లో వెలువడిన తన గ్రంథంలో న్యూటన్ దీనిని మొదటి నియమంగా నిలిపాడు. మన పాఠ్యపుస్తకాలలో ఈ స్వభావాన్ని జడత్వం అంటారు. అంతకు ఆరు శతాబ్దాలకు పైగా ముందే ఇబ్నె సీనా, విసరిన వస్తువులో ఒక మొగ్గు ఏర్పడుతుందని, గాలి వంటి బయటి అడ్డంకులు హరిస్తే తప్ప అది పోదని ‘కితాబుష్షిఫా’లో వాదించాడు. దీనిని పట్టుకుని న్యూటన్ నియమం ముందే మనవారి చేతిలో ఉండేదని చెప్పుకోవడం సరికాదు. అయితే వస్తువు ఎందుకు ఆగుతుందన్న ప్రశ్నను ఎంత దూరం తరచి చూశారో దీనివల్ల తెలుస్తుంది.

బండి మీద కూర్చున్న మనిషికి ఈ నియమం చెప్పేది ఒకటే. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, మనిషిని కాదు. మనిషిని ఆపవలసింది అతని చేతుల పట్టు, కాళ్ళ ఆనిక, సీటు రాపిడి. అవి చాలకపోతే ఎదుటి వస్తువు ఆపుతుంది.

ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం. దానిని ఎంత తక్కువ సమయంలో సున్నాకు తెస్తే అంత ఎక్కువ బలం కావాలి. 12 కిలోల బిడ్డ గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతున్నాడనుకుందాము. ఢీకొన్న బండి సెకనులో పదో వంతులో ఆగిపోతే, ఆ బిడ్డను ఒడిలోనే నిలిపి ఉంచడానికి 1800 న్యూటన్ల బలం కావాలి. ఇంటి మాటలో చెప్పాలంటే అది 180 కిలోలకు పైబడిన బరువును ఎత్తి పట్టడంతో సమానం. బియ్యం బస్తాలు మోసి అలవాటైన చేతులకు కూడా అది సాధ్యం కాదు. గట్టిగా పట్టుకుంటానులే అనే తల్లి ప్రేమలో లోపం లేదు, లెక్కలోనే ఉంది.

ట్యాంకు మీద కూర్చున్న బిడ్డ విషయం మరింత కఠినమైనది. బండి ఆగిన క్షణాన వెనుక ఉన్న తండ్రి దేహం కూడా ఆగదు. 70 కిలోల ఆ దేహం అదే వేగంతో ముందుకు వస్తుంది. హ్యాండిలుకూ తండ్రికీ నడుమ ఉన్నది ఆ బిడ్డ ఒక్కడే. పండుగ నమాజుకు ఈద్‌గాహ్‌కు బయలుదేరే బండ్లలో ఎన్నింటి మీద ముందు ఒక చిన్నవాడు కూర్చుని ఉంటాడో వేరే చెప్పనక్కర లేదు. నాలుగేళ్ళ లోపు పిల్లలను తీసుకువెళ్ళేటప్పుడు వారిని బండి నడిపేవారి దేహానికి కట్టి ఉంచే పట్టీ ఉండాలని, హెల్మెట్ పెట్టాలని, వేగం 40 కిలోమీటర్లు మించరాదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. 2023 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ పట్టీ మన ఊళ్ళలో కనబడడం మాత్రం అరుదు.

ఇక బ్రేకు సంగతి. ప్రమాదాన్ని కన్ను చూడడానికీ కాలు బ్రేకును నొక్కడానికీ మధ్య దాదాపు ఒక సెకను పోతుంది. ఆ సెకనులో బండి ఏమాత్రం నెమ్మదించదు. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉన్న బండి 36 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి మొత్తం 20 మీటర్లు పడితే, 72 కిలోమీటర్ల నుంచి ఆగడానికి 60 మీటర్లు పడుతుంది. వేగం రెండింతలు, దూరం మూడింతలు. ముగ్గురు ఎక్కితే బరువుతో పాటు టైరు పట్టు కూడా పెరుగుతుంది కదా, ఇక నష్టమేమిటని లెక్కలు వచ్చిన పిల్లవాడు అడగవచ్చు. మంచి ప్రశ్న. టైరు పట్టు పెరిగే మాట నిజమే. కానీ బ్రేకు ఇద్దరి బరువుకు తయారైనది. పైగా మూడవ మనిషి బరువు వెనుక చక్రం మీదనో ఇంకా వెనుకకో పడి ముందు చక్రం తేలికవుతుంది. బండిని తిప్పేదీ, ఆపడంలో పెద్ద పాలు పంచుకునేదీ ముందు చక్రమే.

మలుపు దగ్గర మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. బస్సు మలుపు తిరిగినపుడు మనలను ఎవరో బయటికి తోసినట్లు అనిపిస్తుంది. నిజానికి ఎవరూ తోయరు. మన దేహం తిన్నగా పోవాలని చూస్తుంటే బస్సు పక్కకు తిరుగుతుంది, అంతే. వడిసెలలో రాయిని పెట్టి తిప్పేవారికి ఇది బాగా తెలుసు. తాడు లాగుతున్నంతసేపే రాయి గుండ్రంగా తిరుగుతుంది. తాడు కొస వదిలిన మరుక్షణం అది ఆ క్షణంలో ఎటు చూస్తూ ఉందో అటు తిన్నగా పోతుంది. వలయం మధ్యకు లాగే ఆ బలాన్ని అభికేంద్ర బలం అంటారు. చంద్రుడికి ఆ తాడు భూమి ఆకర్షణ. మోటారుసైకిలుకు ఆ తాడు టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ మాత్రమే. అరచేయంత కూడా లేని రెండు రబ్బరు ముక్కల పట్టు.

ఆ పట్టు ఎంతటిదో చూద్దాము. పొడి తారు రోడ్డు మీద సాధారణంగా అది బండి బరువులో సుమారు 70 శాతం. వాన పడితే 40 శాతానికి దిగిపోవచ్చు. 30 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును 36 కిలోమీటర్ల వేగంతో తిరగడానికి బరువులో మూడో వంతు బలం చాలు. 54 కిలోమీటర్లతో తిరగాలంటే 76 శాతం కావాలి. అంటే అదే మలుపు, అదే బండి, అదే మనిషి; వేగం ఒకటిన్నర రెట్లు కాగానే పొడి రోడ్డు కూడా ఇవ్వలేనంత బలం అవసరమైంది. వాన రోజున 40 కిలోమీటర్ల లోపే ఆ హద్దు వచ్చేస్తుంది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో దిగేవారు మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. మలుపు మధ్యలో కాదు. టైరుకు ఉన్న పట్టు ఒకే జీతం వంటిది. బండిని తిప్పే ఖర్చు, ఆపే ఖర్చు రెండూ అందులో నుంచే పోవాలి. మలుపుకే జీతమంతా అయిపోయినపుడు గట్టిగా బ్రేకు వేస్తే చక్రం జారుతుంది.

కోతల కాలంలో మన రోడ్ల మీద వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. రైతుకు వేరే కళ్ళం లేని బాధ మనకు తెలియనిది కాదు. కానీ ఆ గింజలు టైరు కింద గోళీల వలె దొర్లుతాయి. మలుపు దగ్గర అవి ఉంటే వడిసెల తాడు తెగినట్లే. అటువంటి చోట బండి వాలకుండా, వీలైనంత నిటారుగా, నెమ్మదిగా దాటాలి.

మలుపులో బండిని లోపలికి వాల్చడం కూడా ఈ లెక్కలో భాగమే. 36 కిలోమీటర్ల వేగంతో పై మలుపులో సుమారు 19 డిగ్రీలు వాలితేనే బండి నిలుస్తుంది. వెనుక కూర్చున్నవారు భయపడి అటువైపుకు ఒరిగితే నడిపేవాడు ఇంకా ఎక్కువ వాల్చవలసి వస్తుంది. కాళ్ళు ఒకవైపే వేసి కూర్చున్న స్త్రీలకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. రెండువైపులా కాళ్ళు వేసి కూర్చోవడాన్ని వింతగా చూసే పెద్దలు ఈ మాట ఒకసారి ఆలోచించాలని మా విన్నపం.

బురఖా, దుపట్టా, చీర కొంగు విషయంలోనూ చక్రమే ముఖ్యం. మోటారుసైకిలు చక్రం చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు. 36 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 5 సార్లు తిరుగుతుంది. కొస ఒకసారి చిక్కుకుంటే అరిచేలోపే బట్ట అంతా చుట్టుకుపోతుంది. వెనుక చక్రంలో కనీసం సగానికి కవచం ఉండాలని 1989 నాటి మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. అందం చెడుతుందని ఆ కవచాన్ని ఊడదీయించే యువకులు మనలో ఉన్నారు.

“మసీదు దాకానే కదా, హెల్మెట్ ఎందుకు?” అనే మాట తరచుగా వింటాము. నెమ్మదిగా పోతున్నంత మాత్రాన భూమి ఆకర్షణ తగ్గదు. నిలబడి ఉన్న బండి ఒరిగినా తల మీటరున్నర ఎత్తు నుంచి పడుతుంది. నేలను తాకేటప్పటికి దాని వేగం గంటకు 19 కిలోమీటర్లు. తల బరువు 5 కిలోలు అనుకుందాము. సిమెంటు రోడ్డు మీద అది 3 మిల్లీమీటర్లలో ఆగిపోతే పుర్రె మీద పడే బలం దాదాపు రెండున్నర టన్నుల బరువంత. హెల్మెట్ లోపలి థర్మాకోల్ రెండున్నర సెంటీమీటర్లు నలిగి తలను నెమ్మదిగా ఆపితే అది 300 కిలోలకు దిగుతుంది. హెల్మెట్ తలను కాపాడేది పైన ఉన్న గట్టి డొప్పతో కంటే లోపలి ఆ మెత్తదనంతో. అందుకే ఐఎస్ఐ ముద్ర లేని పలుచని టోపీలు చలానాను తప్పించవచ్చు గానీ తలను కాపాడలేవు. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ తల కంటే ముందే ఎగిరిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి గీత కూడా లేకుండా కనబడవచ్చు. దానిని తమ్ముడికి ఇవ్వకండి. లోపల నలిగిన థర్మాకోల్ తిరిగి ఉబ్బదు.