ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారో అడగండి

హోసూరు తెలుగు బడుల్లో చదివిన పిల్లలకు ఫ్యాక్టరీ కొత్త కాదు. అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్ కర్మాగారాలు అక్కడే ఉన్నాయి. షిఫ్టు బస్సులు చూస్తూ పెరిగినవాళ్ళు. ఇంజనీరింగులో చేరాక మాత్రం చాలామంది నాలుగేళ్ళూ గేటు బయటే ఉండిపోతున్నారు.

నిబంధన లేక కాదు. ఏఐసీటీఈ 2018 నాటి మోడల్ సిలబస్‌లోనే ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. 600 నుంచి 700 గంటలు చేయించాలని మార్గదర్శకాల్లో చెప్పింది. చాలాచోట్ల జరుగుతున్నదేమిటి? వేసవిలో రెండు వారాల ఆన్‌లైన్ క్లాసులు, దానికో ఫీజు, ఒక రంగుల సర్టిఫికెట్. అది చూపితే మార్కులు పడిపోతాయి. మిషను చప్పుడు కూడా వినక్కర్లేదు!

బిట్స్ పిలానీ 1973లోనే ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టింది. అందులో చివరి ఏడాది దాదాపు అయిదున్నర నెలలు సంస్థలోనే పని. అధ్యాపకుల పర్యవేక్షణ ఉంటుంది, మార్కులూ ఆ పనికే. మామూలు కాలేజీని పెద్ద కంపెనీలు రానివ్వవంటారు. నిజమే. పెద్ద కంపెనీలే కావాలని ఎవరన్నారు? హోసూరు సిప్‌కాట్‌లో విడిభాగాలు చేసే చిన్న యూనిట్లున్నాయి. కొలత తప్పి తిరిగొచ్చిన సరుకులో లోపం ఎక్కడుందో వెతకడం అక్కడే వంటబడుతుంది. పైగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కన్నడం మాట్లాడే మన పిల్లలకు అక్కడి కార్మికులతో కలిసిపోవడం కష్టం కాదు.

కౌన్సెలింగ్‌కు వెళ్ళే తల్లిదండ్రులు ప్లేస్‌మెంట్ల పోస్టరు చూసి ఊరుకోవద్దని మా మనవి. నిరుటి విద్యార్థులు ఏ సంస్థలో, ఎన్ని వారాలు పనిచేశారు, కాలేజీ నుంచి ఎవరు వెళ్ళి చూశారు అని అడగండి. ప్లస్ టూ ఉపాధ్యాయులు ఈ ప్రశ్నలు ముందే పిల్లల చేత రాయించి పంపితే ఇంకా మంచిది.