ముక్కు కోయించుకున్న కారు

మా ఇంట్లో ఒక శూర్పణఖ ఉంది. ఎర్రగా ఉంటుంది, మూడు సిలిండర్లు, పేరు మారుతి 800. దాని ముక్కు కోసిన లక్ష్మణస్వామి ఎవరో కాదు, నా కడుపున పుట్టిన సుపుత్రుడే. జరిగింది పంచవటిలో కాదు, వెస్ట్ మారేడుపల్లిలో మా గేటు ముందు. ఆయుధం హేక్సా బ్లేడు.

"అమ్మా, దీనికి సరిగా ఊపిరాడటం లేదే. ఆ డబ్బా పీకేసి నేనే ఓ గొట్టం చేసి పెడతా చూడు. బజార్లో సెట్టు కొంటే వేలల్లో ఉంది. మనకు ఐదొందల్లో అయిపోతుంది" అన్నాడు.

ఐదొందలు అన్నమాట చెవిన పడగానే మావారు పేపరు దించారు. మా ఇంట్లో ఏ ఘోరానికైనా అనుమతి దొరకాలంటే అది చవకలో అవుతుందని చెబితే చాలు.

ఇక తండ్రీ కొడుకులు ఆదివారం పూట రాణిగంజ్ వెళ్లి ఓ పీవీసీ పైపు ముక్క, ఒక ఎల్బో, రబ్బరు గొట్టం, బిగించే క్లాంపులు, పుట్టగొడుగులా ఉన్న ఒక ఫిల్టరూ తెచ్చారు. కంపెనీ ఇచ్చిన నల్ల డబ్బా, అందులో నిక్షేపంలాంటి కాగితం ఫిల్టరు అటకెక్కాయి. దాని ముందుండే ముక్కులాంటి గొట్టం అడ్డొస్తోందని కోసేశారు. బండి స్టార్టు చేస్తే గర్జించింది! "పికప్ చూశారా నాన్నా!" అన్నాడు వాడు. "భేష్!" అన్నారీయన. నాకైతే పికప్ ఏమీ కనబడలేదు. పక్కింటి పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడవడం మాత్రం వినబడింది.

నేనేదో అనబోతే "నీకేం తెలుసమ్మా ఇంజన్ల సంగతి?" అన్నాడు.

ఇదిగో, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పాతికేళ్లు పొయ్యి ముందు నిలబడ్డదానికి మంటకీ గాలికీ ఉన్న సంబంధం తెలీదా? గాలి చాలకపోతే గ్యాసు మంట పచ్చబడి గిన్నె అడుగు మసి బారుతుంది. బర్నరు శుభ్రం చేసి గాలి రంధ్రం సరిచేస్తే మళ్లీ నీలంగా మండుతుంది. కారు ఇంజను మాత్రం ఏం చేస్తోంది? గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలుకి లెక్క కడితే సుమారు 9 వేల లీటర్ల గాలి! మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ల టాంకు ఉంటుందే, అలాంటివి తొమ్మిది. అదంతా మన సికింద్రాబాద్ గాలి. రోడ్డు తవ్వని వారం లేదు, గోడ పగలగొట్టని వీధి లేదు. ఆ దుమ్ములో ఉండేది రాతి నలుసు. సరైన జల్లెడ లేకుండా అది సిలిండర్లో పడితే గోడల్ని గీకి గీకి అరగదీస్తుంది. కొన్నాళ్లకు ఇంజనాయిలు కూడా మండి వెనక నీలం పొగ లేస్తుంది.

యుద్ధం రోజుల్లో, 1940ల్లో, పెట్రోలు దొరక్క మన దేశంలో బొగ్గుతో బస్సులు నడిపారని పెద్దవాళ్లు చెప్పేవారు కదా. బస్సు వెనక కుంపటి, దాన్నుంచి వచ్చే గ్యాసుతో ఇంజను. అంత కరువులోనూ ఆ గ్యాసుని వడగట్టకుండా ఇంజనులోకి పంపలేదు. మసి పోతే ఇంజను గోవిందా అని వాళ్లకి తెలుసు. మనవాళ్లకి కరువు లేకపోయినా తొందర ఉంది.

పోనీ ఆ పుట్టగొడుగైనా ఎక్కడ పెట్టాడు? సలసలా కాగే ఇంజను పక్కన. వేడెక్కితే గాలి పలచబడుతుంది. 3 డిగ్రీలకు సుమారు నూటికి ఒక వంతు చొప్పున పోతుంది. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు బానెట్ కింద గాలి బయటికన్నా 30 డిగ్రీలు ఎక్కువుంటే పదో వంతు ఊపిరి అక్కడే తగ్గినట్టు. మొత్తం 37 గుర్రాల బండి! దాన్లో మూడున్నర గుర్రాలు నిలబడ్డచోటే ఆవిరి. మరి ఆ గర్జన ఏమిటంటారా? లోపలికి గాలి పీల్చే చప్పుడు. దాన్ని అణచిపెట్టే పని కూడా ఆ నల్ల డబ్బాదే. మూత సరిగా పెట్టని మిక్సీ ఎక్కువ అరుస్తుంది, అంతమాత్రాన పచ్చడి మెత్తగా నలుగుతుందా వదినగారూ?

ఇదంతా వాడి మొహాన కడిగేశాను. కడిగి తప్పు చేశాను. "చల్లగాలి కావాలన్నావుగా!" అని ఆ గొట్టం పొడుగు చేసి మూతిని కిందకు, బంపరు వెనక్కి దింపాడు. నేనూ "అవును, ఇప్పుడు బాగుంది" అన్నాను. నా పాపం నేను దాచుకోను.

ఆ ఏడాది శ్రావణంలో ఒక రాత్రి అత్తయ్యగారికి ఆయాసం వచ్చింది. బయట కుండపోత. ఆవిణ్ణి వెనక సీట్లో నా ఒళ్లో ఆనించుకుని బయలుదేరాం. ఒలిఫెంటా బ్రిడ్జి కింద నీళ్లు సగం చక్రం దాకా ఉన్నాయి. ముందు ఆటో కూడా దాటిపోయింది. మా శూర్పణఖ మాత్రం గుటక్కుమని ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది. ఒళ్లో ఆవిడ ఊపిరికి కొట్టుకుంటోంది, ముందు ఈ బండి ఊపిరి పోయి కూచుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి మావారు చేతులు ఊపితే ఒక ఆటో అబ్బాయి ఆగాడు. ఆస్పత్రిలో ఆవిడకి మాస్కు పెట్టాక గాని నా గుండె కుదుటపడలేదు.

మర్నాడు మెకానిక్ బానెట్ ఎత్తి చూసి గొట్టం మూతి మీద వేలు పెట్టాడు. "గాలినైతే నొక్కొచ్చమ్మా, నీళ్లని ఎలా నొక్కుతుంది? రాడ్ వంగిపోయింది" అన్నాడు. బిల్లు 28 వేలు. 2020 అక్టోబరులో జంటనగరాలు మునిగినప్పుడు ఇళ్ల ముందున్న కార్లు నీళ్లపాలయ్యాయి. అది వరద. దీన్నేమనాలి? మాది చేజేతులా పట్టిన నీళ్లు.

ఇంట్లో చేసుకోవడం తప్పని నేనడం లేదు, అప్పడాల పిండి దగ్గర్నుంచి అన్నీ ఇంట్లో చేసుకునేదాన్నే. డబ్బాని పారెయ్యడం తప్పంటున్నాను. బానెట్ ఎత్తితే ఆడవాళ్ల నోరు మూయించడం తప్పంటున్నాను. మారుతి 800 తయారీ 2014లోనే ఆపేశారు. ఉన్న బళ్లని కాపాడుకోవాలంటే వంటింటి తెలివి కూడా కాస్త పనికొస్తుంది. అటక మీది డబ్బా నేనే దించాను. కొత్త కాగితం ఫిల్టరు వేయించి, కోసిన ముక్కుకి రబ్బరు గొట్టం తొడిగి, మూతిని గ్రిల్లు వెనక ఎత్తుగా కట్టాను. రేడియేటర్ వేడి తగలకుండా నూనె డబ్బా రేకు కత్తిరించి అడ్డం పెట్టాను. ఫిల్టరు కాక 140 రూపాయలైంది.

వాడు చేసినప్పుడు దాని పేరు ఇంజనీరింగు. నేను చేస్తే మావారు వీధిలో చెప్పిన మాట, "మా ఆవిడ ఏదో సర్దిందండీ" అని.

అబ్బాయి మొన్న బండి తిప్పి తెచ్చాడు. బాగానే ఉందన్నాడు గాని "చప్పుడు పోయిందమ్మా" అన్నాడు దిగులుగా. మావారు ఆ పుట్టగొడుగు ఫిల్టరుని పేపర్లో చుట్టి పెట్టుకున్నారు. రాణిగంజ్‌లో వెనక్కి తీసుకుంటారేమో అడుగుతారట.