అటకెక్కి చూశారా?
ఏసీ పని కూడా చేసే హీట్ పంపు పెట్టిస్తే ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు పన్నులో తగ్గిస్తామని 2023 నుంచి ఊరించిన అమెరికా ప్రభుత్వం, 2025 డిసెంబర్ 31తో ఆ తలుపు మూసేసింది. పోయిందని నేనేమీ ఏడవను. కట్టాల్సిన పన్నే లేని పింఛనుదారుకి దానివల్ల పైసా రాలేదు. సొంత ఖర్చుతో హీట్ పంపు పెట్టించని అద్దింటివాళ్ల సంగతి సరేసరి. అసలు డాలస్‌లో మనవాళ్లు ఎందరు పొద్దున్నే, ఎండెక్కకముందు, అటకెక్కి చూశారు? ఇన్సులేషన్ పీచు అణిగిపోయి దూలాలు తేలి ఉంటాయి. డక్టు అతుకు దగ్గర చెయ్యి పెడితే చల్లగాలి తగులుతుంది. డబ్బు పోసి కొన్న చల్లదనం, అటకలో ఎలుకలకి! ఐదు టన్నుల మిషన్‌కి బేరమాడే ముందు ఆ అతుకులు మూయించండి. కరెంటు కంపెనీల రిబేట్లు కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. కాంట్రాక్టరు వాటిని కొటేషన్‌లోనే తీసేసి చూపిస్తే, దరఖాస్తు ఎవరి పేరునో అడిగాకే సంతకం పెట్టండి.