ఫీజు ఇవ్వలేని యజమాని

ఆర్కిటెక్చర్ వృత్తిలో ఫీజు ఇచ్చినవాడే యజమాని. స్థలం అతనిది, అవసరం అతనిది, చివరి మాటా అతనిదే. కాలేజీ స్టూడియోలో ఆ యజమాని ఉండడు. అక్కడ ఉన్నన్నాళ్లూ విద్యార్థి ఎవరి కోసమైనా గీయవచ్చు. జాలరి కోసం గీయవచ్చు, ఒంటరిగా బతుకుతున్న ముసలమ్మ కోసం గీయవచ్చు, ఇటుకలు మోసేవాడి కోసం గీయవచ్చు. డిగ్రీ చేతికొచ్చి ఆఫీసులో చేరాక ఈ స్వేచ్ఛ మళ్లీ దొరకడం కష్టం. అందుకే విద్యార్థి ప్రాజెక్టును వట్టి మార్కుల వ్యవహారంగా మేం చూడలేం. ఊరి అవసరం విని, చుట్టుపక్కల పరిసరం చూసి గీసిన ప్రాజెక్టు ఎలా ఉండాలో చెప్పడానికి ఈసారి బహ్రెయిన్‌లోని అరాద్‌ను ఎంచుకున్నాం. మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఎందరో పనికోసం వెళ్లిన దేశం అది. అక్కడి గోడలకు మన మేస్త్రీల చేతులు బాగా తెలుసు.

అరాద్ ముహర్రక్ ద్వీపంలోని ఊరు. ఒకవైపు దేశపు అంతర్జాతీయ విమానాశ్రయం, ఇంకోవైపు ముహర్రక్ పాత పట్నం, అటు ఆగ్నేయంగా పోతే హిద్ పట్నం. మధ్యలో దోహత్ అరాద్ అనే లోతులేని ఉప్పునీటి ఖాతం. అందులో మడచెట్లు, నీటి పక్షులు, గట్టు మీద జనం నడిచే బాట. ఖాతం ఒడ్డునే అరాద్ కోట. పాత గ్రీకు భూగోళ రచయితలకు సైతం ఈ ద్వీపం తెలుసు, అరాదోస్ అన్నారు. ఇంత చిన్న చోట వందల ఏళ్ల కోట, తలమీదుగా దిగే విమానాలు, పక్షుల ఖాతం, విల్లాలు, బకాలా అనే కిరాణా దుకాణాలు, కూలీల గదులు అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. స్టూడియోకి ఇంతకంటే మంచి సైటు ఏముంటుంది?

ముందు కోట దగ్గరే కాస్త ఆగాలి. 15వ శతాబ్దపు ఇస్లామీ కోటల పద్ధతిలో కట్టింది. నలుచదరంగా ఉంటుంది, మూలమూలకో గుండ్రటి బురుజు, చుట్టూ చిన్న కందకం. ఆ కందకాన్ని బావుల నీళ్లతో నింపేవాళ్లు. 1984 నుంచి 1987 దాకా దాన్ని బాగుచేసినప్పుడు సిమెంటు జోలికి పోలేదు. పగడపు రాయి, సున్నం, చెట్టు దుంగలు, అంటే కోట దేనితో కట్టారో దానితోనే మరమ్మతు చేశారు. ఇది పాతదనం మీద మోజు కాదు. పగడపు రాయి నిండా సన్నటి రంధ్రాలు. సముద్రపు తేమ, ఉప్పు అందులోకి వచ్చి పోతుంటాయి. మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి ఉప్పు లోపలే గడ్డకడుతుంది, రాయి పొడిపొడిగా రాలిపోతుంది. సున్నమైతే తేమను బయటికి పోనిస్తుంది. గానుగ సున్నంతో పనిచేసిన మన పాత తాపీ మేస్త్రీలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. విద్యార్థి అరాద్‌లో నేర్చుకోవలసిన మొదటి పాఠం ఈ గోడలోనే ఉంది. చుట్టూ ఉన్న గాలి, నీరు, ఉప్పు ఏం చేస్తాయో తెలుసుకోకుండా కాగితం మీద గీత పడకూడదు.

రెండో పాఠం సముద్రానిది. బహ్రెయిన్ తీరంలో చాలా భాగం నీటిని పూడ్చి తెచ్చుకున్న నేల. ఊరికీ నీళ్లకూ నడుమ కొత్త నేల లేస్తూ వస్తే, నిన్నటిదాకా గడప దాటితే కనిపించిన సముద్రం జాలరికి దూరమవుతుంది. 2010లో వెనిస్ ఆర్కిటెక్చర్ బినాలేకు బహ్రెయిన్ మొదటిసారి వెళ్లినప్పుడు మెరిసే భవనాల నమూనాలేవీ తీసుకెళ్లలేదు. ఒడ్డున జాలరులు దొరికిన చెక్కలూ రేకులూ పోగేసి తమకు తాము కట్టుకున్న గుడిసెలు మూడింటిని తీసుకెళ్లి అక్కడ నిలబెట్టింది. వాటితోపాటు సముద్రం గురించి వాళ్లు చెప్పుకున్న మాటలు. నూరా అల్ సాయెహ్, ఫువాద్ అల్ అన్సారీ రూపొందించిన ఆ ‘రిక్లెయిమ్’ ప్రదర్శనకు ఆ ఏడు ఉత్తమ దేశంగా గోల్డెన్ లయన్ వచ్చింది. ఏ ఆర్కిటెక్టూ గీయని గుడిసెకు ప్రపంచపు ఆర్కిటెక్టులంతా లేచి నిలబడ్డారు. జాలరికి ఏం కావాలో ఆ గుడిసె ముందే చెప్పేసింది. కూర్చోవడానికి నీడ, చూడటానికి నీళ్లు, కబుర్లకు నలుగురు మనుషులు.

ఇక ముహర్రక్ పాత పట్నం. ముత్యాల వేట మీద బతికిన ఊరది. పడవలు దించే ఒడ్డు, వర్తకుల ఇళ్లు, దుకాణాలు, సముద్రంలోని ముత్యపు చిప్పల మిట్టలు, ఇవన్నీ కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. వాటిని కలుపుతూ మూడున్నర కిలోమీటర్ల నడకదారి ఉంది. సందుల్లో పాడుబడ్డ జాగాలు చిన్న చిన్న చౌకులయ్యాయి, చెట్లొచ్చాయి, నీడొచ్చింది. కార్లు పెట్టుకునే చోటు లేక జనం అల్లాడుతుంటే నాలుగు పార్కింగు భవనాలు కట్టారు. వాటిని గీసింది ఆర్కిటెక్టు క్రిస్టియన్ కెరెజ్. ముహర్రక్ పునరుద్ధరణకు 2019లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు దక్కింది. దక్కవలసిన పనే. ఊరి వయసును, ఊరి కొలతను గౌరవించి చేసిన పని.

అయితే ఒక ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. పాత కుటుంబాలు పట్నం విడిచి కొత్త కాలనీలకు వెళ్లాక ఆ ఇళ్లలో అద్దెకు దిగింది ఎక్కువగా వలస కూలీలే. పునరుద్ధరణ ఉద్దేశాల్లో జనాభా తూకాన్ని సరిచేయడం, స్థానిక కుటుంబాలను వెనక్కి రప్పించడం కూడా ఉన్నాయి. సొంత ఊరికి సొంత మనుషులు తిరిగి రావాలనుకోవడంలో తప్పేం లేదు. కానీ ఇన్నేళ్లూ ఆ గదుల్లో వంట చేసుకుని, ఆ అరుగుల మీద కూర్చుని, ఆ వీధిని ఖాళీ పడకుండా నిలిపినవాళ్లు ఏమవుతారు? బహ్రెయిన్ జనాభాలో సగానికి పైగా విదేశీయులే. ఒక చోటి ‘సమాజానికి’ ఏం కావాలని విద్యార్థి అడిగినప్పుడు, ఆ మాటలో వీళ్లు ఉన్నారా లేరా అన్నది ముందు తేల్చుకోవాలి. పాస్‌పోర్టు చూసి తేల్చే లెక్క కాదిది. ఆ వీధిలో పొద్దున్నే లేచేది ఎవరు, సాయంత్రం తిరిగొచ్చేది ఎవరు అని చూసి తేల్చాలి.

ఆ కూలీల రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఎండాకాలంలో నడిమధ్యాహ్నం ఆరుబయట పని చేయించరాదని బహ్రెయిన్‌లో నిషేధం ఉంది. 2007 నుంచి జులై, ఆగస్టు నెలల్లో పన్నెండు నుంచి నాలుగు దాకా. 2025లో దాన్ని జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పొడిగించారు. మంచి చట్టం. మరి ఆ నాలుగు గంటలూ మనిషి ఎక్కడ ఉండాలి? సగం లేచిన స్లాబు కింద, బస్సు నీడన, ఇనుప చువ్వల కట్టల పక్కన అట్టముక్క పరుచుకుని. చట్టం గంటలు ఇచ్చింది, వాటికి గది ఇవ్వవలసింది ఆర్కిటెక్చరు. 2025 వెనిస్ బినాలేలో బహ్రెయిన్ సరిగ్గా ఈ ప్రశ్ననే ఎత్తుకుంది. ఆండ్రియా ఫరగూనా సారథ్యంలో వచ్చిన ‘హీట్‌వేవ్’ ప్రదర్శన ఎండలో పనిచేసేవాళ్ల కోసం చల్లటి చోటును ఊహించింది. నడుమ ఒకే స్తంభం, పైన వేలాడే కప్పు, భూమి లోపలి చల్లదనాన్ని బావి ద్వారా పైకి తెచ్చి, సూర్యుడి వేడితోనే గాలిని కదిలించే ఉపాయం. వెనిస్‌లో నేల తవ్వే వీల్లేక అక్కడ యంత్రాలతో గాలి ఆడించారు. దానికీ గోల్డెన్ లయనే వచ్చింది. ముహర్రక్‌లో షేక్ ఈసా బిన్ అలీ ఇంటి గాలిగోపురం ఎక్కడో పైన వీచే గాలిని పట్టి కింది గదిలోకి దించుతుంది. ఆ తెలివికీ ఈ తెలివికీ చుట్టరికం స్పష్టంగానే ఉంది. తేడా ఒక్కటే, ఆ గోపురం పాలకుడి ఇంటిది, ఈ కప్పు కూలివాడిది.

ప్రదర్శనలో నిలిచిన కప్పు అరాద్ వీధిలోకి ఎలా వస్తుంది? ఇక్కడే విద్యార్థి అవసరం. బహ్రెయిన్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది, అక్కడి విద్యార్థులకు అరాద్ చేతికందే దూరం. ఆగస్టు మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, శుక్రవారం సెలవునాటి రాత్రి ఒకసారి అక్కడికి వెళ్లి కూర్చుంటే సగం ప్రాజెక్టు దానంతటదే కనబడుతుంది. వాయవ్యం నుంచి వచ్చే షమాల్ గాలి ఏ సందులో నిలుస్తుంది, ఏ గోడ నీడ ఎన్నింటికి ఎంత దూరం పడుతుంది, ఏమీ కొనకుండా ఒక గంట కూర్చోగల చోటు ఎక్కడుంది, తాగునీరు, మరుగుదొడ్డి ఎక్కడున్నాయి. పదిమంది పడుకునే గదిలో ఇంటికి ఫోను చేసుకుని పెళ్లాంతో రెండు మాటలు మనసు విప్పి మాట్లాడుకునే మూల ఒకటి కావాలి. ఆ మూల ఏ బిల్డింగు ప్లానులోనూ ఉండదు. మన గల్ఫ్ కథల్లోనూ పాటల్లోనూ ఎడబాటు ఉంది, అప్పు ఉంది, వీసా ఇచ్చిన కఫీలు ఉన్నాడు. కానీ ఆ గది పొడవు వెడల్పులు, కిటికీ ఉన్న గోడ, బంకు మంచాల నడుమ సందు గురించి మన రచయితలు కూడా తక్కువే రాశారు. వాళ్లు రాస్తే ఈ పిల్లలకు గొప్ప సాయమయ్యేది.

విద్యార్థి గీతతో నిజంగా ఏమవుతుందని పెదవి విరిచేవాళ్లు బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్ వైపు చూడాలి. అన్నా హెరింగర్ ఆస్ట్రియాలోని లింజ్‌లో 2004లో సమర్పించిన డిప్లొమా థీసిస్ మరుసటి ఏడాదే రుద్రపూర్‌లో బడిగా లేచింది. కింద మట్టి గోడలు, పైన వెదురు అంతస్తు, కట్టింది ఊరి మనుషులు. 2007లో ఆగాఖాన్ అవార్డు దానికీ వచ్చింది. థీసిస్‌కు చాలా ముందే ఆమె ఆ ఊళ్లో ఉండి వచ్చింది, అక్కడివాళ్ల మధ్య బతికి వచ్చింది. అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయపు రూరల్ స్టూడియో 1993 నుంచి అలబామా పేదల కోసం విద్యార్థుల చేతనే ఇళ్లు కట్టిస్తోంది.

విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో, విశాఖలో ఈ ఏడాది థీసిస్ అంశం వెతుక్కుంటున్న పిల్లలకు మా విన్నపం ఇది. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన మేస్త్రీ ఒకరు మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటారు. సెంట్రింగో, రాడ్ బెండింగో, టైల్సో ఏళ్ల తరబడి చేసినవాళ్లు. వాళ్ల చేత వాళ్లుండే గదిని ఒక కాగితం మీద గీయించండి. మంచం ఎటు, తలుపు ఎటు, ఎండ ఎటు నుంచి కొడుతుంది, ఏది మారిస్తే నిద్ర పడుతుంది అని అడగండి. మీ ప్రాజెక్టు అక్కడి నుంచి మొదలుపెట్టండి. గురువులకు కూడా ఒక మాట. చివరి జ్యూరీ రోజున పేరున్న ఆర్కిటెక్టుల వరసలో ఆ మేస్త్రీకీ ఒక కుర్చీ వేయండి. గోడకు పెట్టిన షీట్లు తెలుగులో వివరించమని విద్యార్థిని అడగండి. మొదటి ప్రశ్న ఆయన్నే అడగనివ్వండి.